దొంగ కంటే ముందే ఫొటో ఇల్లు దాటాలి

దొంగతనాల వార్తల చివర ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: వెళ్తూ వెళ్తూ సీసీ కెమెరాల డీవీఆర్‌ను కూడా ఎత్తుకెళ్లారు. గోడలకు కెమెరాలు ఉన్నాయి, అవి పనిచేశాయి, వచ్చినవాడి ముఖం రికార్డయింది కూడా. కానీ ఆ రికార్డు ఉన్న పెట్టె హాల్లో టీవీ కిందే ఉంది. ఆ సంగతి దొంగకూ తెలుసు. కెమెరా పెట్టించుకునేటప్పుడు ఎన్ని మెగాపిక్సెల్స్, రాత్రిళ్లు రంగుల్లో కనిపిస్తుందా అని అడుగుతాం. తీసిన ఫొటో ఎక్కడికి పోతుంది, ఎంతసేపట్లో పోతుంది, అక్కడ దాన్ని ఎవరెవరు చూడగలరు అని మాత్రం అడగం. ఆ మూడింటికీ జవాబు తెలియకపోతే కెమెరా ఉన్నా లేనట్టే.

కదలిక కనిపించగానే ఫొటో తీసి, మనిషి చెయ్యి పడకుండా దాన్ని ఇంటి బయటికి పంపే ఏర్పాటు మనకు కొత్తేమీ కాదు. తాళం వేసిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్ఎంఎస్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. ఊరెళ్లేవాళ్లు ముందుగా తెలియజేస్తే పోలీసులు వచ్చి, కదలికను పసిగట్టే కెమెరా అమర్చి వెళ్తారు. ఇంట్లో ఎవరైనా అడుగుపెడితే కంట్రోల్ రూమ్‌కు కబురు వెళ్తుంది. ఆ కబురు మన ఫోన్‌కే వచ్చేలా చేసుకుంటే, విదేశాల్లో ఉన్న పిల్లలకు ఈ ఏర్పాటు మరీ బాగా కలిసొస్తుంది. గుంటూరులో అర్ధరాత్రి దాటి రెండయిందంటే, డాలస్‌లో వేసవి వేళల ప్రకారం ముందురోజు మధ్యాహ్నం మూడున్నర. అమ్మానాన్నల ఇంటి గేటు దగ్గర అలికిడి అయితే, ఆ వేళప్పుడు మెలకువగా ఉండి ఫోన్ చూసేది అక్కడున్న కొడుకో కూతురో.

కదలికే కెమెరా మీట నొక్కాలన్న ఆలోచన ఇంటర్నెట్ కంటే చాలా పాతది. 1920లలో ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి ఉత్తర భారతదేశపు అడవుల్లో జంతువుల దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగి ఫొటో పడేలా చేశాడు. ఆ తర్వాత వందేళ్లలో ఫొటో తీయడం సులువైంది, తీసినవాటిని ఏరడం కష్టమైంది. 2018 పులుల లెక్కింపులో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు పడ్డాయి. అందులో పులులవి 76,651. అంటే వెయ్యి ఫొటోలకు రెండు. మన వాకిట్లో కెమెరా పరిస్థితీ దాదాపు ఇంతే. తీసినవన్నీ పైకి పంపితే అవసరమైన ఒక్కటి మిగతావాటి కింద పడిపోతుంది. రోజుకు రెండు వేల ఫొటోలు వచ్చే ఏర్పాటును వారం తర్వాత ఎవరూ చూడరు. అందుకే పంపే దారుల సంగతికి ముందు, కెమెరా కదలికను ఎలా పసిగడుతుందో చూడాలి.

ఎక్కువ కెమెరాలు చేసేది తేలికపాటి లెక్క. ఇందాకటి దృశ్యాన్నీ ఇప్పటి దృశ్యాన్నీ పోల్చి, ఎన్ని పిక్సెల్స్‌లో వెలుగు మారిందో చూస్తాయి. ఆ సంఖ్య ఒక హద్దు దాటితే కదలిక ఉన్నట్టు. లైనక్స్ మీద ఇరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉన్న మోషన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్కనంతా విప్పి చూసుకోవచ్చు. అందులో ఆ హద్దును థ్రెషోల్డ్ అంటారు. మనం ముట్టుకోకపోతే దాని విలువ 1500. చిత్రం 640 బై 480 అయితే మొత్తం 3,07,200 పిక్సెల్స్ కాబట్టి 1500 అంటే సుమారు అర శాతం. ఆ కొలతకు అది సబబే. అదే కెమెరాను 1920 బై 1080కి మార్చి థ్రెషోల్డ్‌ను అలాగే వదిలేస్తే, మొత్తం 20 లక్షల 73 వేల పిక్సెల్స్‌లో 1500 వెయ్యింట ఒక వంతు కూడా కాదు. వేపకొమ్మ ఊగినా ఫొటోయే. రిజల్యూషన్ పెంచిన రోజే థ్రెషోల్డ్‌ను పదివేల దగ్గరికి తీసుకెళ్లాలి. చాలామంది కెమెరా మంచిది కాదని తిట్టుకునే సందర్భాల్లో తప్పు ఈ ఒక్క అంకెలో ఉంటుంది.

మిగతా అమరికలూ అంతే ముఖ్యం. మబ్బు తొలగి ఎండ పడ్డప్పుడు, వరండా లైటు వేసినప్పుడు చిత్రమంతా ఒక్కసారిగా మారిపోతుంది. అలాంటి మార్పును లెక్కచేయవద్దని చెప్పే లైట్‌స్విచ్ అమరిక ఉంది. ఊగే చెట్టునూ, బళ్లు తిరిగే రోడ్డునూ నలుపు పూసిన మాస్కు బొమ్మతో లెక్కలోంచి తప్పించవచ్చు. ఒకే ఫ్రేములో కాకుండా వరుసగా మూడు నాలుగు ఫ్రేముల్లో మార్పు ఉంటేనే కదలికగా తీసుకోమని చెప్పవచ్చు. అన్నిటికన్నా మేలు చేసేది, ఒక్కో ఘటనకు ఒకే ఫొటో, అదీ కదలిక ఎక్కువగా ఉన్న ఫొటో మాత్రమే దాచమనే అమరిక. గేటు తీసి లోపలికి నడిచొచ్చిన మనిషికి నలభై ఫొటోలు అక్కర్లేదు. ముఖం కనిపించేవి ఒకటి రెండు చాలు.

రెండో పద్ధతి పీఐఆర్ సెన్సర్. ఇది చిత్రాన్ని చూడదు, ఒంటి వేడిని పసిగడుతుంది. సోలార్ పలకతో, సిమ్ కార్డుతో నడిచే కెమెరాలు దీని మీదే ఆధారపడతాయి. చేపల చెరువుల గట్ల మీద, వ్యవసాయ మోటార్ల దగ్గర పెట్టేవి ఎక్కువగా ఇవే. వేడి కదిలేదాకా కెమెరా నిద్రపోతుంది, బ్యాటరీ మిగులుతుంది. అయితే ఈ సెన్సర్‌కు మన ఎండలతో ఒక చిక్కుంది. అది చూసేది మనిషికీ వెనకున్న గోడకూ మధ్య వేడి తేడాను. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల సాయంత్రం, ఎండకు కాగిన గోడ మనిషి ఒంటి వేడికి దగ్గరగా ఉన్నప్పుడు ఆ తేడా దాదాపు మాయమవుతుంది. జనవరిలో పది మీటర్ల నుంచి పట్టిన సెన్సర్ మేలో అంత దూరం నుంచి పట్టకపోవచ్చు. పైగా, తనవైపు నేరుగా నడిచొచ్చే మనిషి కంటే తన ముందు అడ్డంగా దాటే మనిషిని అది త్వరగా గుర్తిస్తుంది. కాబట్టి గేటుకు ఎదురుగా కాకుండా, వచ్చేవాడు అడ్డంగా దాటేలా ఒక పక్కన బిగించాలి. నిద్ర లేచి మొదటి ఫొటో తీసేలోపు మనిషి సగం దూరం పోయే కెమెరాలూ ఉన్నాయి. కొనేముందు నడిచి చూడనిదే ఇది తెలియదు.

మూడోది, చిత్రంలో ఉన్నది మనిషా, కుక్కా, బండా అని గుర్తించే పద్ధతి. ఇప్పుడొస్తున్న కెమెరాల్లో చాలావాటిలో ఇది ఉంది. లేకపోతే ఫ్రిగేట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లోని కంప్యూటర్‌లో నడపవచ్చు. నాకు తెలిసి అనవసరపు ఫొటోలను దీనంతగా తగ్గించేది మరొకటి లేదు. కానీ రాత్రి పురుగుల బెడదను ఇది కూడా పూర్తిగా తీర్చదు. కెమెరా చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ బల్బుల దగ్గరికి పురుగులు చేరతాయి, వాటి కోసం సాలెపురుగు లెన్సుకు అడ్డంగానే గూడు అల్లుతుంది. గాలికి ఊగే ఆ పోగు కెమెరాకు తాడంత లావుగా, తెల్లగా కనిపిస్తుంది. కెమెరా సొంత ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేసి, రెండు మూడు మీటర్ల దూరంలో విడిగా ఒక ఇన్‌ఫ్రారెడ్ దీపం పెట్టడం దీనికి సరైన మందు. వారానికోసారి లెన్సు తుడవడం కూడా మరువకూడదు.

ఇక ఫొటో బయటికి వెళ్లే దారులు.

అన్నిటికంటే తేలిక ఈమెయిల్. కెమెరా తనంతట తానే మెయిల్ పంపుతుంది. ఒకప్పుడు జీమెయిల్ పాస్‌వర్డ్ కెమెరాలో పెడితే సరిపోయేది. 2022 మే 30 తర్వాత గూగుల్ ఆ దారి మూసింది. ఇప్పుడు ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, కెమెరా కోసం విడిగా యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అంతకుముందు చక్కగా పనిచేసిన పాత కెమెరాల మెయిళ్లు హఠాత్తుగా ఆగిపోవడానికి కారణం ఇదే. ఈమెయిల్ హెచ్చరికకు మంచిదే గాని భద్రపరచడానికి పనికిరాదు. గూగుల్ ఇచ్చే 15 జీబీ ఉచిత జాగాలో మెయిల్, డ్రైవ్ ఫైళ్లతో పాటు 2021 జూన్ నుంచి పైకెక్కించిన ఫొటోలు కూడా కలిసే లెక్కకొస్తాయి. అది నిండితే కెమెరా ఫొటోలే కాదు, బ్యాంకు నుంచి రావాల్సిన మెయిల్ కూడా రాదు. కెమెరాకు విడిగా ఒక ఖాతా తెరవాలి.

రెండోది ఎఫ్‌టీపీ, అంటే ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఫైళ్లు పంపే పద్ధతి. దాదాపు ప్రతి నెట్‌వర్క్ కెమెరాలోనూ ఉండే దారి ఇది. దీని మొదటి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో ఎంఐటీలో ఉన్న అభయ్ భూషణ్ రాశారు. ఆయన ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి. అరవై డెబ్భై కంప్యూటర్లు కూడా కలవని నెట్‌వర్కు కోసం, అందరూ ఒకరికొకరు తెలిసిన కాలంలో పుట్టిన పద్ధతి కావడంతో, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఫొటో అన్నీ అందులో దాపరికం లేకుండా వెళ్తాయి. దారిలో ఎవరైనా చదవవచ్చు. ఇంటి లోపలి నెట్‌వర్కులో దీన్ని వాడటానికి అభ్యంతరం లేదు. ఇంటర్నెట్ మీదుగా బయటి సర్వర్‌కు నేరుగా ఎఫ్‌టీపీలో పంపకూడదు. దీన్ని అమర్చేటప్పుడు చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. సర్వర్ వివరాలు నింపుతారు, టెస్ట్ బటన్ నొక్కితే సరే అంటుంది, అయినా ఒక్క ఫొటో రాదు. ఎందుకంటే కెమెరా మెనూలో పని మూడు వేర్వేరు పేజీల్లో ఉంటుంది: సర్వర్ వివరాలు ఒకచోట, ఘటన జరిగినప్పుడు ఫొటో తీయాలన్న అనుమతి మరోచోట, కదలికకూ అప్‌లోడ్‌కూ లంకె వేసే గడి ఇంకోచోట. మూడింటిలో ఏది వదిలినా ఫలితం సున్నా.

మూడోది, కెమెరా తయారుచేసిన కంపెనీ క్లౌడ్. యాప్ తెరిస్తే చాలు, అంతా సిద్ధం. ఎక్కువ ఇళ్లు ఇక్కడే ఆగుతాయి, తప్పుపట్టలేం. కానీ మన వాకిలి, మన వరండా, కొన్ని ఇళ్లలో పడకగది కూడా మరొకరి కంప్యూటర్‌లో ఉంటుందన్నది మరువకూడదు. 2022 చివర్లో యూఫీ కెమెరాల విషయంలో, ఫొటోలు ఇంట్లోనే ఉంటాయని చెప్పినా ఫోన్‌కు వచ్చే హెచ్చరికల కోసం చిన్న చిత్రాలు క్లౌడ్‌కు వెళ్తున్నాయని బయటపడింది. 2023లో రింగ్ కంపెనీ ఉద్యోగులు వినియోగదారుల వీడియోలు చూడగలిగారన్న ఆరోపణ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది, 58 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వైజ్ వినియోగదారులు సుమారు 13 వేల మందికి ఇతరుల కెమెరాల చిత్రాలు కనిపించాయి. ఇవి చిన్నాచితకా కంపెనీలు కావు. కంపెనీ క్లౌడ్ వాడేవాళ్లు కెమెరాను ఇంటి బయటికే పరిమితం చేయాలని నా గట్టి అభిప్రాయం.

టెలిగ్రామ్ బాట్‌తో ఫొటోను నేరుగా ఫోన్‌కు తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. కబురు క్షణాల్లో వస్తుంది, ఖర్చు లేదు. అయితే బాట్‌కు వెళ్లే సందేశాలు మొదలు నుంచి చివరిదాకా గుప్తంగా ఉండవు. ఫొటోగా పంపితే దాన్ని కుదించేస్తుంది కూడా. అసలు ప్రతిని వేరేచోట దాచుకుంటూ, కబురు కోసం మాత్రమే దీన్ని వాడాలి.

వీటన్నిటినీ చూశాక నాకు నచ్చిన దారి, కెమెరాకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ పెట్టడం. రాస్ప్‌బెర్రీ పై సరిపోతుంది. మూలపడ్డ పాత లాప్‌టాప్ అయితే ఇంకా మంచిది, బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా నడుస్తుంది. కెమెరా ఇంటి లోపలే ఎఫ్‌టీపీలో ఈ కంప్యూటర్‌కు ఫొటో ఇస్తుంది. కంప్యూటర్ దాన్ని గుప్తీకరించి బయటి నిల్వకు పంపుతుంది. కెమెరాకు ఇంటర్నెట్ పూర్తిగా బంద్. ఆర్‌క్లోన్ అనే ఉచిత పనిముట్టు గూగుల్ డ్రైవ్ మొదలుకొని పదుల కొద్దీ నిల్వ సేవలతో మాట్లాడుతుంది. దానిలోని క్రిప్ట్ అమరికతో ఫొటోనే కాదు, ఫైలు పేరు కూడా నిల్వ కంపెనీకి అర్థం కాకుండా చేయవచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. లైనక్స్‌లో కొత్త ఫైలు రాగానే కబురు చెప్పే ఐనోటిఫై ఉంది. ఫైలు పుట్టగానే పంపమంటే సగం రాసిన ఫొటో వెళ్లిపోతుంది, అవతల కింది సగం బూడిదరంగులో కనిపిస్తుంది. రాయడం ముగిసి ఫైలు మూసుకున్నాకే పంపమని చెప్పాలి. రెండోది ఇంతకన్నా పెద్దది. ఫొటోలు పంపడానికి సింక్ అనే ఆదేశాన్ని ఎన్నడూ వాడకూడదు. సింక్ అంటే ఇక్కడ ఏముంటే అక్కడా అదే ఉండాలి, ఇక్కడ చెరిపితే అక్కడా చెరగాలి. దొంగ లాప్‌టాప్ తెరిచి ఫోల్డర్ ఖాళీ చేస్తే బయటి ప్రతులూ పోతాయి. కాపీ చేయాలి, లేదా మూవ్ చేయాలి. వీలైతే ఆ కంప్యూటర్‌కు ఇచ్చే తాళంచెవికి రాసే అనుమతి మాత్రమే ఇచ్చి, చెరిపే అనుమతి తీసేయాలి. అలాంటి పరిమిత తాళాలిచ్చే నిల్వ సేవలు ఉన్నాయి.

బయటి నుంచి ఇంట్లోని కెమెరాను చూడటానికి రౌటర్‌లో పోర్ట్ తెరిచే అలవాటు ఇంకా పోలేదు. ఇది ప్రమాదం. 2016లో మిరాయ్ అనే హానికర సాఫ్ట్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో వశం చేసుకుంది. అదే ఏడాది అక్టోబర్ 21న వాటితో వెబ్‌సైట్ల చిరునామాలు చూపే డిన్ అనే సంస్థ మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు. మన దగ్గర జియో వంటి మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే బయటి చిరునామాను ఎందరికో పంచుతారు కాబట్టి పోర్ట్ తెరిచినా చాలాసార్లు పనిచేయదు. ఫొటోను పంపే పద్ధతికి ఆ తలనొప్పే లేదు. తలుపు తెరిచి పెట్టి వచ్చేవాళ్ల కోసం చూడటం లేదు, మన చేత్తో ఉత్తరం పోస్టు చేస్తున్నాం. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి అమ్మే సీసీ కెమెరాలకు ప్రభుత్వం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. మంచి అడుగే, కానీ గోడకు అప్పటికే ఉన్న కెమెరాల పాస్‌వర్డ్‌లను మార్చాల్సింది మనమే.

డేటా లెక్క భయపడాల్సినంత కాదు. సెకనుకు 2 మెగాబిట్ల వీడియోను రోజంతా పంపితే 21 జీబీ దాటుతుంది. మామూలు 4జీ సిమ్ ప్లాన్లు దీన్ని మోయలేవు. 400 కేబీ ఫొటోలు రోజుకు రెండు వందలు పంపినా 80 ఎంబీ, నెలకు రెండున్నర జీబీ లోపే. ఫైబర్ తెగినప్పుడు 4జీ డాంగిల్ మీద కూడా నడిచే ఏర్పాటు ఇది. ఇన్వర్టర్‌కు ఫ్యాను, లైటు కలిపి రౌటర్‌ను వదిలేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. కరెంటు తీసేసి లోపలికొచ్చే దొంగకు అదే కావాలి. నెట్ లేని వేళ తీసినవి వరుసలో ఆగి, రాగానే వెళ్లాలి. వీటికి తోడు, ఏ కదలికా లేకపోయినా రోజూ ఉదయం ఆరింటికి ఒక ఫొటో వచ్చేలా పెట్టుకోవాలి. ఫొటో రాకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉందో, కెమెరా పాడైందో దూరాన ఉన్నవాళ్లకు తెలిసే మార్గం ఇదొక్కటే.

ఎన్నాళ్లు దాచాలి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో చేసిన ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా చేరే సంస్థలకు 30 రోజులు దాచాలని చెప్పింది. ఇంటికీ ఆ గడువు చాలు, ఆ తర్వాతవి వాటంతట అవే చెరిగిపోవాలి.

పోలీసు స్టేషన్ దాకా వెళ్లాల్సి వస్తే ఫొటో ఒక్కటే చాలదు. గడియారం సరిగా ఉండాలి. చైనా సమయంతో వచ్చే కెమెరాలు మన కంటే రెండున్నర గంటలు ముందుంటాయి. తెల్లవారుజామున 2 గంటల ఘటన మీద నాలుగున్నర అని పడితే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. కెమెరా తన గడియారాన్ని ఇంట్లోని ఆ చిన్న కంప్యూటర్‌తో సరిచూసుకునేలా ఎన్‌టీపీ పెట్టి, టైమ్ జోన్ ప్లస్ అయిదున్నరకు మార్చాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు ఏ కొంచెం మారినా మారిపోయే గుర్తు, కూడా రాయాలి. అప్‌లోడ్ చేసే కంప్యూటరే ప్రతి ఫొటోకు హ్యాష్ లెక్కగట్టి దాచిపెడితే, తర్వాత ఎవరూ ఆ ఫొటోను మార్చలేదని చూపించడం సులువు. వాట్సాప్‌లో కుదించిన ప్రతికి ఆ బలం ఉండదు.

పక్కింటివాళ్ల సంగతి చివర్న చెప్పినా చిన్నది కాదు. 2023 డేటా రక్షణ చట్టం సొంత, ఇంటి అవసరాలకు వాడే సమాచారాన్ని మినహాయించింది. అంతమాత్రాన ఎటు కావాలంటే అటు కెమెరా తిప్పవచ్చని కాదు. ఒకే ఇంట్లో ఉంటున్న వాటాదారుల అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. ముందు చెప్పిన మాస్కు ఇక్కడ సరిపోదు. అది పక్కింటి గుమ్మంలో కదలికను పట్టించుకోదు గాని, మన గేటు దగ్గర కదలిక వచ్చినప్పుడు తీసే ఫొటోలో వాళ్ల గుమ్మం పడుతూనే ఉంటుంది. ప్రైవసీ మాస్కు వేరు, అది ఆ భాగాన్ని ఫొటోలోనే నల్లగా కప్పేస్తుంది. రెండూ పెట్టాలి. ఇంట్లో పనిచేసేవాళ్లకూ, అద్దెకున్నవాళ్లకూ కెమెరా ఉందని, ఫొటోలు బయటికి వెళ్తాయని ముందే చెప్పాలి.

ఇప్పటికే కెమెరా ఉన్నవాళ్లు ఈ ఆదివారం ఒక పరీక్ష చేయండి. రాత్రి లైట్లన్నీ తీసేసి, గేటు తీసుకుని మామూలుగా నడుస్తూ ఇంట్లోకి రండి. వచ్చీ రాగానే డీవీఆర్ ప్లగ్గు, రౌటర్ ప్లగ్గు రెండూ పీకేయండి. ఇప్పుడు ఊళ్లో లేని మీ వాళ్లకు ఫోన్ చేసి, మీ ముఖం గుర్తుపట్టేలా ఒక్క ఫొటో అయినా వచ్చిందేమో అడగండి. రాలేదంటే కొత్త కెమెరా కొనకండి, ఉన్నదాన్నే ఇలా అమర్చుకోండి.